మీ కంప్యూటర్ పిల్లగాణ్ని తీసేయమని నేను చెప్పను

"మాకు పిల్లగాడున్నడమ్మా, ఫోన్ చేస్తే వస్తడు."

మిర్యాలగూడ మిల్లుల్లో, నల్లగొండ ఆస్పత్రుల్లో, జడ్చర్ల ఫ్యాక్టరీల్లో నాకు ముందుగా వినబడే మాట ఇదే. పిల్లగాడంటే పిలిస్తే వచ్చి కంప్యూటర్లు బాగుచేసే లోకల్ షాపు మనిషి. హైదరాబాద్ నుంచి కొత్తగా నాతో ఫీల్డ్‌కు వచ్చే సేల్స్ పిల్లలు ఈ మాట వినగానే డీలా పడిపోతారు. లీడ్, అంటే కస్టమర్ దొరికే అవకాశం, పోయిందనుకుని డైరీ మూసేస్తారు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుంటాను. ఆ పిల్లగాడిది ఏ షాపు, ఎన్నేళ్ల నుంచి వస్తున్నాడు, ఆయన నంబర్ ఇస్తారా అని అడుగుతాను. నా పని అక్కడి నుంచే మొదలవుతుంది.

నేను చేసేది బిజినెస్ డెవలప్‌మెంట్. ఐటీ మేనేజ్డ్ సర్వీసెస్ ఇచ్చే కంపెనీకి పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో కస్టమర్లను తేవాలి. ఉండేది నల్లగొండలో, రామగిరి దగ్గర. ఆఫీసు హైదరాబాద్‌లో. చుట్టాలు అడిగితే కంప్యూటర్ల పని అని చెప్పి ఊరుకుంటాను కానీ, ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను.

మన దగ్గర అందరికీ తెలిసింది ఏఎంసీ. ఏడాదికి ఇంతని కడితే, ఏదైనా చెడిపోయినప్పుడు మనిషి వస్తాడు. చాలా చోట్ల అది కూడా ఉండదు, వచ్చినప్పుడల్లా ఐదొందలో వెయ్యో చేతిలో పెడతారు. మేనేజ్డ్ సర్వీస్‌లో ఒక్కో కంప్యూటర్‌కు, సర్వర్‌కు, బయటి నెట్ నుంచి వచ్చే ముప్పును ఆపే ఫైర్‌వాల్‌కు నెలకు ఇంతని ముందే మాట్లాడుకుంటాం. ప్రతి మెషీన్‌లో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ వేస్తాం. హార్డ్ డిస్క్ నిండుతున్నా, యాంటీవైరస్ ఆగినా, రాత్రి బ్యాకప్ ఫెయిలైనా హైదరాబాద్‌లో మా వాళ్ల స్క్రీన్ మీద కనబడుతుంది. టికెట్ లేస్తుంది, అంటే ఆ పని నంబరుతో నమోదవుతుంది. ఎంతసేపట్లో పలకాలి, ఎంతసేపట్లో సరిచేయాలి అన్నది ఎస్‌ఎల్‌ఏ అనే సర్వీస్ ఒప్పందంలో రాసి ఉంటుంది.

ఇందులో అసలు సంగతి డబ్బు ఏ వైపు నుంచి వస్తుందన్నది. పిలిస్తే వచ్చే మనిషికి ఏదైనా చెడిపోయినప్పుడే సంపాదన. మాకైతే చెడిపోతే ఖర్చు, ఎందుకంటే అదే నెల డబ్బులోంచి ఇంజినీర్‌ను బండెక్కించి పంపాలి. చెడిపోకుండా చూసుకుంటేనే మాకు మిగులుతుంది. ఈ ముక్క మిల్లు యజమానులకు ఇట్టే తెలిసిపోతుంది. వాళ్లు వ్యాపారం చేసేవాళ్లు, ఎదుటివాడి లాభం ఎక్కడుందో తేలితే తప్ప మాట నమ్మరు. అందుకే మా లాభం ఎక్కడుందో నేనే మొదట చెప్పేస్తాను.

మిల్లుకు ఎప్పుడు పోవాలో తెలియకపోతే ఈ ప్రాంతంలో ఈ పని చేయలేం. అక్టోబర్ చివర్లో వానాకాలం వడ్లు దిగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో యాసంగి. ఆ రోజుల్లో గేటు బయట రోడ్డు పొడవునా ట్రాక్టర్లు, లారీలు. కాటా దగ్గర రాత్రంతా లైట్లే. అప్పుడు పోయి ఫైర్‌వాల్ గురించి మాట్లాడితే మర్యాద దక్కదు, దక్కకూడదు కూడా. మార్చిలో అకౌంటెంట్ తల ఎత్తడు. అందుకని నేను ఆగస్టులో పోతాను, లేకపోతే ఫిబ్రవరిలో. హైదరాబాద్‌లో మా మేనేజర్‌కు మొదట్లో ఇది అర్థం కాలేదు. నవంబర్‌లో ఈ జిల్లాలో టార్గెట్ ఎందుకు తగ్గిందని అడిగేవారు. ఒకసారి సాగర్ ఎడమ కాలువ ఆయకట్టుకు కోతలప్పుడు తీసుకొచ్చి చూపించాను. తర్వాత ఆ ప్రశ్న రాలేదు.

మిల్లు ఆఫీసులో అడుగుపెట్టగానే నా చూపు కాటా కంప్యూటర్ మీదికి పోతుంది. లారీ నిండుగా ఒకసారి తూగుతుంది, ఖాళీ అయ్యాక ఒకసారి. ఆ రెండు అంకెల తేడా మీదే రైతుకు రావాల్సిన డబ్బు, లారీ కిరాయి, మిల్లు స్టాకు అన్నీ నిలబడతాయి. సర్కారు వడ్లు ఆడించే మిల్లయితే, క్వింటా వడ్లకు రా రైస్ 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు తిరిగి అప్పజెప్పాలి. ఆ లెక్కకు మొదలు కాటా చీటీయే. అంత ముఖ్యమైన కంప్యూటరేమో ఊక దుమ్ములో, కిటికీ పక్కన, ఫ్యాన్ రెక్కలకు మందంగా దుమ్ము పట్టి ఉంటుంది. యూపీఎస్ బ్యాటరీ ఉబ్బి ఉంటుంది. అడిగితే, కరెంటు పోతే ఐదు నిమిషాలు ఆగుతుందంటారు. ప్లగ్గు తీసి చూస్తే ఐదు సెకన్లు కూడా ఆగదు.

తర్వాత అడిగేది బ్యాకప్. దాదాపు అందరూ ఉందనే అంటారు. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ డేటా పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది, ఆ పెన్‌డ్రైవ్ అదే కంప్యూటర్‌కు పగలూ రాత్రీ గుచ్చి ఉంటుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ లోపలికి వస్తే కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లతో పాటు దానికి తగిలించిన పెన్‌డ్రైవ్‌ను కూడా తాళం వేసేస్తుంది. మూడు కాపీలు ఉండాలి, రెండు వేర్వేరు రకాల వాటి మీద ఉండాలి, ఒకటి ఆ ప్రాంగణం బయట ఉండాలి. మా రంగంలో 3-2-1 అని పిలిచే పాత సూత్రం ఇది. సూత్రం చెబితే తల ఊపుతారు, అంతకు మించి ఏమీ జరగదు. అందుకే నేను స్లైడ్లు తీయను. "సార్, నిన్నటి బ్యాకప్ ఒకసారి ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూపిస్తారా?" అని అకౌంటెంట్‌ను అడుగుతాను.

మిర్యాలగూడ దగ్గర ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో అలాగే అడిగాను. అక్కడి అకౌంటెంట్ పెద్దాయన, యజమాని వాళ్ల నాన్నగారి కాలం నుంచి ఉన్న మనిషి. నమ్మకంగా పెన్‌డ్రైవ్ తీసి పక్క కంప్యూటర్‌కు పెట్టారు. తెరుచుకుంది. కానీ అందులో ఉన్నది వెనకటి సంవత్సరం లెడ్జర్. బ్యాకప్ రోజూ నడుస్తోంది, కొత్త సంవత్సరానికి డేటా ఫోల్డర్ మారిన సంగతి దానికి చెప్పినవాళ్లు లేరు. ఆయన ముఖం చూడలేకపోయాను. యజమాని ఆయన్ని ఒక్క మాట అనలేదు, అది నాకు చాలా నచ్చింది. "బిడ్డా, ముందు ఇది మంచిగ చేసిపో. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. ఆ సాయంత్రమే సరిచేయించాం, డబ్బు తీసుకోలేదు. సంతకం కావడానికి మాత్రం ఇంకా చాలా రోజులు పట్టింది. పట్టనీ. బ్యాకప్‌ను తెరిచి చూడకుండా ఉందని చెప్పడం ఎంత ప్రమాదమో ఆ గదిలో ఉన్న అందరికీ తెలిసింది.

ఇక ఆ పిల్లగాడి సంగతి.

మా రంగంలో పెద్ద ఊళ్లలో పనిచేసేవాళ్లు అతణ్ని పోటీ అనుకుంటారు. నేను అలా అనుకోను. ఏ కేబుల్ ఏ గోడలోంచి పోయిందో, సీసీ కెమెరాల డీవీఆర్ పాస్‌వర్డ్ ఏంటో, బిల్లింగ్ ప్రింటర్ ఏ డ్రైవర్‌తో పలుకుతుందో రాసి పెట్టిన కాగితం ఎక్కడా ఉండదు. అదంతా అతని తలలోనే ఉంటుంది. మా ఇంజినీర్ హైదరాబాద్‌లో కూర్చుని చాలా పనులు చేయగలడు, నెట్ ఉన్నంతవరకు. స్విచ్ అడాప్టర్ కాలిపోతే అక్కడ ఒక మనిషి చెయ్యి కావాలి. హైదరాబాద్ నుంచి దేవరకొండకో కోదాడకో మనిషి చేరేసరికి సగం పూట పోతుంది. అప్పటిదాకా ఓపీ కౌంటర్ దగ్గర జనం నిలబడాలా?

నల్లగొండలో అలాంటి షాపు నడిపే ఒక తమ్ముడితో నేను కూర్చుని మాట్లాడిన రోజు బాగా గుర్తుంది. టీ తెప్పించాడు గానీ తాగలేదు. "అక్కా, మీరొస్తే నా పని పోతది గదా. ఈ ఆస్పత్రి వైరింగ్ అంత నేనే చేసిన" అన్నాడు. నేను కాగితం తీసి ముందు పెట్టాను. సైట్‌కు వెళ్లిన ప్రతిసారీ ఇంత, నెలకు ఇంత అని అతని కోసం విడిగా ఒక లైను. హార్డ్‌వేర్ అమ్మకం పూర్తిగా అతనిదే, మార్జిన్ అతనిదే. ఈ లైను పెట్టించడానికి మా ఆఫీసులో నేను చాలానే వాదించాను. లాభం తగ్గుతుందన్నారు. లోకల్ మనిషి లేకుండా తీసుకున్న కాంట్రాక్టులో ఎస్‌ఎల్‌ఏ నిలబెట్టుకోలేమని, ఆ జరిమానా కంటే ఇదే తక్కువని లెక్క వేసి చూపించాక ఒప్పుకున్నారు.

అతను పాటించాల్సిన షరతులూ ఉన్నాయి. టికెట్ లేకుండా ఏ పనీ చేయొద్దు. దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే ఎనీడెస్క్ పాస్‌వర్డ్ ఒకటే పెట్టి అన్ని కస్టమర్లకూ వాడొద్దు. క్రాక్ చేసిన, అంటే లైసెన్స్ కొనకుండా తాళం విరగ్గొట్టిన, విండోస్, ఆఫీస్ వేయొద్దు. చివరిది విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. "కస్టమర్ పైసలియ్యడు, నేనేం చేయాలె" అన్నాడు. అతను చెప్పింది నిజమే. లైసెన్స్ డబ్బు అడిగితే ఇంకో షాపుకు పోతారు. కానీ ఆ క్రాక్ పనిచేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. ఆపిన ఆ కాసేపట్లో లోపలికి ఏం వచ్చిందో చెప్పగలిగేవాళ్లు లేరు. అందుకని ఆ మాట యజమానికి చెప్పే బాధ్యత నేను తీసుకున్నాను. అతను పక్కనుండగానే, తప్పు అతని మీద పడకుండా, ఇన్నాళ్లు అలా నడిచింది, ఇకమీద నడవదు అని చెబుతాను. ఇప్పుడు ఆ తమ్ముడు ఆస్పత్రిలో నెట్‌వర్క్‌ను విడగొట్టడం నేర్చుకున్నాడు. నాకు కొత్త లీడ్లు కూడా ఎక్కువగా అతని నోటి నుంచే వస్తున్నాయి.

నెట్‌వర్క్‌ను విడగొట్టడం అన్నాను కదా, అది ఆస్పత్రుల్లో చాలా అవసరం. ల్యాబ్‌లో రక్తపరీక్ష చేసే ఎనలైజర్ పక్కన ఒక కంప్యూటర్ ఉంటుంది. అది ఇప్పటికీ విండోస్ 7 మీద నడుస్తుండటం మామూలే. మైక్రోసాఫ్ట్ విండోస్ 7ను 2020 జనవరి 14న వదిలేసింది. మార్చుదామంటే ఎనలైజర్ కంపెనీ ఒప్పుకోదు, ఆ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్ మీద నడవదంటుంది. యంత్రం ఖరీదు లక్షల్లో. దాన్ని పారేయమని ఏ నోటితో చెబుతాం? అలాంటి మెషీన్‌ను వేరే వీల్యాన్‌లో, అంటే మిగతా వాటితో కలవని విడి నెట్‌వర్క్‌లో పెట్టి, ఇంటర్నెట్ తీసేసి, రిపోర్టులు పోయే ఒక్క దారి మాత్రం వదలాలి. ఆరోగ్యశ్రీ డెస్క్, బిల్లింగ్, ల్యాబ్, రోగుల బంధువులకిచ్చే వైఫై అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న ఆస్పత్రికి వెళ్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. వార్డులో ఒకరి ఫోన్‌కు పట్టిన రోగం ల్యాబ్‌కు చేరడానికి అక్కడ అడ్డే లేదు.

ఆస్పత్రులకు కొటేషన్ ఇచ్చేటప్పుడు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. మా సర్వీస్ మీద జీఎస్టీ 18 శాతం. ఫ్యాక్టరీ అయితే మామూలుగా దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌లో తిరిగి తీసుకుంటుంది. వైద్యసేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి ఆస్పత్రికి ఆ క్రెడిట్ రాదు, ఆ 18 శాతం ఖర్చు కిందే పోతుంది. మా వాళ్లు "ప్లస్ జీఎస్టీ" అని చిన్న అక్షరాల్లో రాసి పంపితే, డాక్టర్ గారు సరే అన్నాక అకౌంటెంట్ దగ్గర ఆగిపోతుంది. నేను మొత్తం కలిపిన అంకెనే పైన పెద్దగా రాయిస్తాను.

భయపెట్టి అమ్మడం నాకు ఇష్టం లేదు. ఈ రంగంలో అది చాలా సులువు, ఎక్కువమంది అదే చేస్తారు. నేను చెప్పేవి తేదీలతో సహా అందరికీ తెలిసిన సంగతులే, అవీ ఎందుకు చెబుతున్నానో వివరించి చెబుతాను. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చింది. ప్రపంచమంతా కంప్యూటర్లు ఆగాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకూ కొన్నింటికి తగిలింది. అది దూరిన విండోస్ కన్నాన్ని పూడ్చే ప్యాచ్‌ను, అంటే సరిచేసే అప్‌డేట్‌ను, మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14న ఇచ్చేసింది. మధ్యలో దాదాపు రెండు నెలలు. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. నెలనెలా ప్యాచ్ వేయడానికి డబ్బెందుకని అడిగితే నా జవాబు ఇదే. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఆగినప్పుడు అంత పెద్ద ఆస్పత్రిలో చాలా రోజులు ఓపీ చీటీలు చేత్తో రాశారు. ఆ సంగతి డాక్టర్లకు నాకంటే బాగా తెలుసు. నేను అడిగేది ఒక్కటే, అలాంటి రోజు వస్తే మీ దగ్గర చేత్తో రాసే చీటీలు సిద్ధంగా ఉన్నాయా అని. ఇది మా సర్వీస్‌లో భాగం కాదు. దానికి కావలసింది ఒక ప్రింటింగ్ ప్రెస్, కొన్ని పుస్తకాలు. అయినా చెబుతాను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ఆగింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని పాత మెషీన్లు విండోస్ 11కు పనికిరావు. ఇక చూడండి, అన్నీ మార్చేయండి అని అమ్మకాలు మొదలుపెట్టారు మా వాళ్లు. నేను మిల్లు యజమానికి వరస చెబుతాను. ముందు అకౌంట్స్, బ్యాంకు పనులు చేసే కంప్యూటర్. తర్వాత కాటా. గోదాములో చీటీలు ప్రింట్ చేసే మెషీన్‌కు నెట్ తీసేస్తే వచ్చే ఏడాది దాకా నెట్టుకురావచ్చు.

నేను ఇప్పటిదాకా విన్న వాటిలో మంచి ప్రశ్న జడ్చర్లలో వచ్చింది. పోలేపల్లి వైపు ఒక చిన్న ఫ్యాక్టరీ, మందుల కంపెనీలకు సరుకు సరఫరా చేస్తారు. యజమాని గారి కోడలు అకౌంట్స్ చూస్తారు. నేను చెప్పిందంతా విని, "మా తాళంచెవులన్నీ మీ దగ్గర పెట్టుకుంటారు. మరి మీ దగ్గరే దొంగలు పడితే ఎట్ల మేడమ్?" అన్నారు. చాలా కంపెనీల ఐటీ మేనేజర్లు కూడా ఈ మాట అడగరు. ఇది ఊహించి అడిగిన ప్రశ్న కూడా కాదు, జరిగినదే. 2021 జులై 2న కసేయా అనే సంస్థ సాఫ్ట్‌వేర్‌లో దూరారు. మాలాంటి సర్వీస్ కంపెనీలు కస్టమర్ల మెషీన్లను చూసుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్ అది. దాని ద్వారా వెయ్యికి పైగా చిన్న వ్యాపారాలకు ఒకేసారి రాన్సమ్‌వేర్ పాకింది. మన దేశంలో 2024 జులై చివర్లో చిన్న బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ సేవలిచ్చే సీ-ఎడ్జ్ మీద దాడి జరిగితే, దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల చెల్లింపులు కొద్ది రోజులు ఆగాయి. ఆ బ్యాంకులు చేసిన తప్పేమీ లేదు.

ఆమెకు ఇదంతా చెప్పాను. చెప్పి, మమ్మల్ని ఏమేం అడగాలో నేనే రాసిచ్చాను. మా ఇంజినీర్లలో ఒక్కొక్కరికి విడి లాగిన్ ఉందా, లేక అందరూ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ వాడుతున్నారా? ఫోన్‌కు వచ్చే రెండో కోడ్ లేకుండా లోపలికి పోవచ్చా? మా టూల్‌లోంచి మీ బ్యాకప్‌ను చెరిపేయగలమా? చెరిపేయగలిగితే అది బ్యాకప్ లెక్కలోకి రాదు. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో లాగ్‌లు ఎన్నాళ్లు దాస్తాం? సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజులు దాచాలి, దాడి జరిగిందని తెలిసిన ఆరు గంటల్లో వాళ్లకు తెలపాలి. ఆ తెలిపే పని మీదా, మాదా అన్నది కాంట్రాక్టులోనే ఉండాలి. ఆ పట్టీలో ఒకదానికి మా దగ్గర అప్పుడు సరైన జవాబు లేదు. మా టెక్నికల్ హెడ్‌తో మాట్లాడి అది మార్చాకే మళ్లీ జడ్చర్ల పోయాను. ఇప్పుడు ఆ పట్టీని ప్రతి కొటేషన్‌కు వెనక జతచేస్తున్నాను.

నల్లగొండలో, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023లో ఐటీ టవర్లు తెరిచారు. అప్పటి నుంచి డిగ్రీ అయిన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఐటీలో సేల్స్ అంటే ఎలా ఉంటుందక్కా అని ఫోన్ చేస్తుంటారు. ఇంగ్లీషు రాదని భయపడతారు. హాలియాలోనో కల్వకుర్తిలోనో మిల్లు యజమాని ముందు కూర్చున్నప్పుడు ఇంగ్లీషుతో పనిలేదు. వడ్ల లెక్క, జీఎస్టీ లెక్క, బ్యాకప్ ఎలా తెరవాలో తెలిస్తే చాలు. "చూద్దాం" అన్నవాళ్లలో ఎవరు నిజంగా చూస్తారో, ఎవరు మర్యాదకు అన్నారో తెలియడానికి కొంత కాలం పడుతుంది. బండి మీదో బస్సులోనో తిరగాలి. మంచినీళ్లు, సన్‌స్క్రీన్, పవర్ బ్యాంకు బ్యాగులో ఉండాలి. ఆఫీసులో ఆడవాళ్లకు బాత్రూమ్ ఉందో లేదో ముందే కనుక్కుని వెళ్లండి. ఈ మాట ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు.

మేనేజ్డ్ సర్వీస్ తీసుకోవాలనుకునేవాళ్లు, మా దగ్గరే కానక్కర్లేదు, కాంట్రాక్టులో బయటికి పోయే దారి ముందే రాయించుకోండి. ఒప్పందం ముగిసినప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్లన్నీ, ఫైర్‌వాల్ సెట్టింగులు, బ్యాకప్‌లు ఎన్ని రోజుల్లో అప్పజెబుతారో అంకెతో సహా ఉండాలి. వెబ్‌సైట్ పేరు, మెయిల్ డొమైన్ మీ పేరున ఉండాలి, చేసిపెట్టినవాళ్ల పేరున ఉండకూడదు. ఒక ఆస్పత్రికి ఆ డొమైన్ ఎప్పుడో మానేసిన వెండర్ పేరున ఉండిపోయింది. రెన్యువల్ మెసేజ్‌లు ఆయనకు పోయాయి, ఆయన చూడలేదు, ఒక సోమవారం పొద్దున ఆస్పత్రి మెయిల్స్ అన్నీ ఆగాయి. ఇన్సూరెన్స్ అప్రూవల్స్ ఆ మెయిల్‌కే వస్తాయి. డొమైన్ కొన్న ఖాతాలో ఎవరి మెయిల్ ఐడీ, ఎవరి ఫోన్ నంబర్ ఉన్నాయో, గడువు ఎప్పటిదాకా ఉందో ఈ వారమే మీ పిల్లగాణ్ని పిలిచి చూపించమనండి. అర్ధగంట కూడా పట్టదు. వచ్చినందుకు ఆయనకు డబ్బులివ్వండి.